ఆపిన పూటలు

కాల్‌లో మ్యూట్‌లో ఉండండి సత్య గారూ, అది చాలు, మిగతాది నేను హ్యాండిల్ చేస్తా, అని మెసేజీ పెట్టాడు మా బాసు శశిధర్, చివర ఒక దండం బొమ్మ కూడా అతికించి. చాలట. ఇరవయ్యేళ్ళు చమురు బావుల లెక్కలు చదివిన మనిషి నోరు మూసుకుని కూర్చుంటే చాలట. నా పేరు కావాలి, సత్యభామ అని రిపోర్టు కింద అచ్చయి ఉండాలి, పాత సర్కారు కంపెనీలో నేను చేసిన ఉద్యోగం పేరు కూడా బ్రాకెట్లో ఉండాలి, నోరు మాత్రం అక్కర్లేదు. మారతహళ్ళి వంతెన దాటకముందే క్యాబు ఆగిపోయింది. ముందు మెట్రో పనుల ఇనుప రేకులు, పక్కన నీళ్ళ ట్యాంకరు, వెనక హారన్లు. ఏసీ వేస్తే డీజిలు తాగుతుందని డ్రైవరు గిరీష్ అద్దాలు దించాడు, ఔటర్ రింగ్ రోడ్డు దుమ్మంతా నా నోట్లోనే పడుతోంది. బెళ్ళందూరులో ఆఫీసు చేరడానికి ఇంకా ఎంతసేపని అడిగితే "గొత్తిల్ల మేడమ్" అన్నాడు. తెలియదని అంత నిజాయితీగా చెప్పే మనిషి మా ఆఫీసులో ఒక్కడూ లేడు. నాలుగింటికి కాల్. కాల్ అయిపోగానే గోపాలప్ప సంతకం పెడతాడు. పెద్దాయన హొసకోటెలో బస్సు బాడీలు కట్టే షెడ్డు అమ్మేసి, ఆ డబ్బంతా గుజరాత్‌లో కొత్తగా తవ్విన మూడు చమురు బావుల్లో వాటాగా పెట్టబోతున్నాడు, అదీ నేను రాసిన రిపోర్టును నమ్మి. నేను చెప్పని మాటను నా పేరుతో నమ్మి.

పొద్దున్న కాఫీ తాగుతూ చూశాను ఆ రిపోర్టు. మొన్ననే పెద్దాయనకు వెళ్ళిపోయిందట. నేను రాసింది ఎనిమిది పేరాలు, అందులో ఉన్నవి ఏడు. ఎనిమిదోది ఏమైందని అడిగితే శశిధర్ బొటనవేలు బొమ్మ పంపాడు. ఆ వేలు విరిచేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఆ ఒక్క పేరా కోసమే మిగిలిన ఏడూ రాశాను. కొత్త బావి మొదటి నెల ఎంత ఇచ్చిందన్న అంకె పట్టుకుని ఊరేగేవాళ్ళను చాలామందిని చూశాను, ఇల్లు అలకగానే పండగ కాదురా నాయనా అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది. మొదటి నెలలో ఏ బావైనా పొంగుతుంది. రాతిలో ఎప్పటినుంచో బిగబట్టుకుని ఉన్న నూనె దారి దొరకగానే ఎగదన్నుకొస్తుంది, అది బావి బలం కాదు, బావి ఆత్రం. బలం తెలియాలంటే ఆగాలి. ఈ మూడు బావుల గీత చూస్తే మాత్రం ఎంత చక్కగా ఉందో, బల్ల మీద పరిచిన తాడులా, తగ్గుదలే లేదు. స్టేబుల్, అని రాశాడు శశిధర్ ఆ గీత మీద, పచ్చ రంగులో. స్టేబుల్ అట, వాడి మొహం. ఆ గీతలో ఉన్నవి బావి పారిన రోజులు మాత్రమే. మధ్యలో మూసిపెట్టిన రోజులు ఉన్నాయి. ట్యాంకు రిపేరని ఒకసారి, గొట్టం మార్పని ఒకసారి, ఇంకేదో సాకుతో మళ్ళీ. మూసిన రోజులన్నీ గీతలోంచి కత్తిరించి, ఈ చివరా ఆ చివరా కలిపి కుట్టేశారు. బావిని మూసిపెడితే చుట్టుపక్కల రాతిలోని నూనె మెల్లగా దగ్గరికి చేరుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, తెరవగానే మళ్ళీ మొదటి రోజులాగే పొంగుతుంది. నాలుగు రోజులు పొంగి తగ్గబోతుందనగా మళ్ళీ మూస్తారు. పొంగులన్నీ ఏరి ఒక నెల చేశారు. పారిన రోజులకే సగటు కట్టడం ఇండస్ట్రీ స్టాండర్డ్ సత్య గారూ, అందరూ చేసేదే, అంటాడు. అందరూ చేసేదే, నిజమే. నేను కాదన్నానా. మూసిన రోజులు కూడా చెప్పమన్నాను, అంతే కదా నేను అడిగింది.

ట్యాంకరు కారుతోంది. వెనక కొళాయి సరిగా బిగించలేదు కాబోలు, నీళ్ళు ధారగా కాదు, బొట్లు బొట్లుగా, ఆగి ఆగి, వేడి తారు మీద పడి అక్కడికక్కడే ఇంకిపోతున్నాయి. ఎవరూ చూడరు, చూసినా దిగి బిగించరు. నా చిన్నప్పుడు చుక్కకు అలాగే కారాయి పాలు. నుదుట తెల్ల మచ్చ ఉన్న నల్లావు, పేరు చుక్క. ఇప్పుడు మా కుందలహళ్ళి ఇంటి వెనక హాస్టలు రేకులున్నచోట అప్పుడు దాని గాడి ఉండేది. మా అవ్వ, ఊరందరికీ పాపక్క, ఆ పొద్దు చెంబు ముట్టలేదు. నేను బడికి బయలుదేరుతుంటే ఆవు అరుస్తోంది, పాలు పిండలేదేందవ్వా అంటే నీకేల నువ్వు పోప్పా అంది. దూడ మూతికి చిక్కం కట్టేసి ఉంది. ముందురోజు సాయంత్రం కూడా పిండలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. బడి నుంచి వచ్చేసరికి పొదుగు కుండలా బిగిసిపోయి, నరాలు తేలి, నాలుగు చన్నుల నుంచీ బొట్లు బొట్లుగా కారి గాడి కింద మట్టి తెల్లగా అయి ఉంది. ఆవు వెనక కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉంది, కాలు కదిపితే నొప్పి కాబోలు, తల మాత్రం తిప్పి నావైపు చూసింది. అరవడం మానేసింది అప్పటికి. అరిచీ అరిచీ మానేసింది. సాయంత్రం అంజినమ్మ వచ్చింది ఆవును చూసుకోవడానికి, వెనక వీధిలో ఇడ్లీలు అమ్ముకునే మనిషి, చెవి కమ్మలు అమ్మేసి ఆ డబ్బు కొంగున కట్టుకుని. అవ్వ ఆమె ఎదుటే కూర్చుని పిండింది, బిందె నిండి నురగ పొర్లింది. అంజినమ్మ ఆ నురగ చూసి నవ్వింది, కమ్మలు లేని చెవులతో.

మూడు పూటలు పిండుకుని చూడాలి ఆవును కొనేముందు. సాయంత్రం, పొద్దున, మళ్ళీ సాయంత్రం. ఎవరైనా చెప్తారు ఆ మాట, చింతామణి సంతలో నిలబడితే పాలవాళ్ళంతా అదే అనుకుంటారు. అంజినమ్మకూ తెలుసు. కానీ పాపక్క దగ్గర అలా అడగడానికి మొహమాటం, మన పాపక్కే కదా, మన వీధే కదా, పరాయిదా ఏమన్నా అని. అదీ నాకు కోపం. తెలియక మోసపోయినవాళ్ళ కోసం ఏడవచ్చు, తెలిసీ మొహమాటానికి మోసపోయినవాళ్ళ కోసం ఏం చేయాలి. పోయిన నెల గోపాలప్ప మా ఆఫీసుకు వచ్చాడు, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, కొడుకులెవరూ వెంట లేరు. శశిధర్ ఇంగ్లీషులో స్లైడ్లు తిప్పుతుంటే ముడుచుకుని కూర్చున్నాడు. నేను మాట్లాడగానే తల ఎత్తి, "ఏమ్మా, నువ్వు ఈడ పిల్లవేనా, మన తెలుగే మాట్లాడతా ఉండావే" అన్నాడు. కుందలహళ్ళి అన్నాను. ఇంకేం, కుర్చీ నా వైపు లాక్కున్నాడు. ఆయనకు మనవరాలు అక్షర, పెద్ద చదువుకు పోవల్లంటా ఉంది, షెడ్డులో ముప్పై మంది పనోళ్ళు, ముసలితనాన రేకులు కొట్టించే ఓపిక లేదు, కొడుకులకు ఆ పని మీద ఇష్టం లేదు, ఊరికే కూర్చుంటే డబ్బు కరిగిపోతాది, అన్నీ చెప్పాడు నాకు. నంబరు ఇయ్యమ్మా అని అడిగి, కళ్ళద్దాలు పైకి జరిపి, తన ఫోనులో ఒక్కొక్క అంకె నొక్కి పెట్టుకున్నాడు. అదంతా శశిధర్ పక్కనుంచి చూశాడు. విజయవాడ నుంచి వచ్చి పదేళ్ళయినా ఈ ఊరి తెలుగు వినగానే నవ్వు ఆపుకునే మనిషి, ఉండాది వస్తాది అంటే వెక్కిరించే మనిషి, ఆ రోజు మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రమే, ఈ అకౌంటుకి మీరే ఫేస్ సత్య గారూ, అన్నాడు. నా చదువు కోసం కాదు, మా అవ్వ నేర్పిన మాటల కోసం. బేరం కుదిరితేనే మాకు ఫీజు, కుదరకపోతే గుండుసున్నా, కాబట్టి నా యాసను కూడా సరుకులో కలిపేశాడు.

ముందు వరస కదిలింది, నాలుగడుగులు, మళ్ళీ ఆగింది. పక్క బైకు మీద కుర్రాడు అద్దంలో జుట్టు సర్దుకుంటున్నాడు. ఏమిటి తొందర వీళ్ళందరికీ, హారను కొడితే రేకులు పక్కకు తప్పుకుంటాయా. కొట్టండి, ఇంకా కొట్టండి. నా తలలో ఆ ఎనిమిదో పేరా తిరుగుతోంది, అక్షరం పొల్లుపోకుండా. మూసిన ప్రతిసారీ లోపలి ఒత్తిడి మొదటి రోజు ఎంత ఉందో అంతకు తిరిగి రావాలి, వస్తే కింద నిల్వ పెద్దదని అర్థం. ఇక్కడ రావడం లేదు. మొదటిసారి కన్నా రెండోసారి తక్కువ, రెండోసారి కన్నా మూడోసారి తక్కువ. కింద ఉన్నది చెరువు కాదు, గుంట. ఈ బావులు ఏడాది తిరక్కముందే చల్లారవచ్చు, కనీసం ఇంకొన్ని నెలలు ఆపకుండా పారించి చూడకుండా వాటా కొనకూడదు. ఇదీ నేను రాసింది. దిగితేగానీ లోతు తెలియదంటారు, మేము దిగకుండానే లోతు చెప్పడానికి ఉన్నవాళ్ళం, అందుకేగా మాకు జీతం. చెప్పిన లోతును కత్తిరించి, పైనున్న నురగ మాత్రం పంపడానికి నేనెందుకు, బిందె చాలదా.

అంజినమ్మ మళ్ళీ వచ్చింది. వారం తిరక్కుండానే వచ్చింది, చేతిలో ఖాళీ చెంబు. పోట్లాడటానికి వచ్చిందనుకుని వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు, ఆమె పోట్లాడలేదు. అదే నాకు ఇప్పటికీ అరగదు. అరుగు మీద కూర్చుని, చెంబు పక్కన పెట్టుకుని, గొంతు కూడా పెంచకుండా, "ఎన్ని పూటలు ఆపినావు పాపక్కా?" అంది. అంతే. డబ్బు వెనక్కి ఇమ్మనలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆమెకు ఒక లెక్క కావాలి, తను ఎంత మోసపోయిందో తెలిస్తే మిగిలిన పాలతో బతుకు ఎలా సర్దుకోవాలో తెలుస్తుంది, పొద్దున్నే ఎన్ని ఇడ్లీలకు పప్పు నానేయాలో తెలుస్తుంది. అవ్వ బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా, "ఆపేదేంది, నీ చెయ్యి కొత్త కదా, ఆవు పాలు చేపడంల్యా, పది దినాలు పోనీ" అంది. అంత తియ్యగా అంది. నన్ను పక్కన పడుకోబెట్టుకుని కథలు చెప్పే గొంతుతోనే అంది. నేను అక్కడే ఉన్నాను, గోడకానుకుని ఎక్కాలు చదువుతూ. ఎన్ని పూటలో నాకు తెలుసని ఇద్దరికీ తెలుసు. అంజినమ్మ ఒకసారి నావైపు చూసింది, అడగలేదు, చిన్నపిల్లను ఇరికించకూడదనుకుందేమో, ఆ మర్యాద కూడా ఆమె దగ్గరే ఉంది. తర్వాత ఎన్నేళ్ళు ఆమె కొట్టులో ఇడ్లీ తిన్నానో, చెవులు బోసిగానే ఉండేవి. అవ్వంటే నాకు ప్రాణం. ఇప్పటికీ ప్రాణమే. ఆ గొంతు గుర్తొస్తే మాత్రం ఇలాగే దవడలు బిగుసుకుంటాయి. నీ బడి కోసమే అంది ఒకసారి, నేను అడక్కుండానే. నా బడి నెత్తిన పెట్టింది ఆ బరువు కూడా.

ఫోను మోగింది. కాల్ మొదలైంది. నా పేరు పక్కన గీత కొట్టిన మైకు బొమ్మ. శశిధర్ గొంతు తేనెలో ముంచినట్టుంది, సర్ సర్ అంటున్నాడు, మూడు బావులూ సూపర్ స్టేబుల్ సర్, థర్టీ డేస్ డేటా చూశారు కదా సర్, మన సత్య గారే స్వయంగా వెరిఫై చేశారు. స్వయంగా. అవతల గోపాలప్ప దగ్గాడు. వెనక ఏదో ఇనుము చప్పుడు, షెడ్డులోనే కూర్చున్నట్టున్నాడు.

"అంతా సరేనప్పా. ఆ అమ్మాయి ఉండాదా కాల్‌లో?"

"ఉన్నారు సర్, కానీ ట్రావెల్‌లో ఉన్నారు, నెట్‌వర్క్ ఇష్యూ. నేను చెప్తా కదా సర్, ఏం డౌట్ అయినా."

"నీకు తెలీదని కాదప్పా. ఆ యమ్మ నోటితో ఒక మాట వినల్ల నాకు. సంతకం పెట్టేటప్పుడు మనసుకి ఒక ధైర్యం కావల్ల కదా."

"ష్యూర్ సర్, కాల్ అయ్యాక నేను కనెక్ట్ చేస్తా. డాక్యుమెంట్ మీ దగ్గరే ఉంది కదా, పేజీ టూ ఓపెన్ చేస్తే..."

మన పాపక్కే కదా. మన పిల్లే కదా. ఈ ఊరి మాటలు విని మనుషులు కుర్చీ దగ్గరికి లాక్కునే రోజులు ఇంకా ఉన్నాయి, సిగ్గులేకుండా ఇంకా ఉన్నాయి. వేలితో ఆ మైకు మీద నొక్కాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, దుమ్ము పట్టి, కీచుగా, హారన్ల మధ్య.

"నేనుండాను పెద్దాయనా, సత్యభామని. మూసి మూసి తెరిచినారు ఆ బావుల్ని. మూడు పూటలు పిండుకోని చూడకుండా కొనొద్దు."

తెర మీద నా పేరు ఆరిపోయింది, మిమ్మల్ని ఈ కాల్ నుంచి తీసేశారు అని వచ్చింది. బాగుంది. గీతలోంచి రోజుల్ని కత్తిరించినంత సులువుగా. వెంటనే శశిధర్ నుంచి ఒకటి, రేపటి నుంచి లాగిన్ అవ్వక్కర్లేదు, ల్యాప్‌టాప్ కొరియర్ చేయండి. ఈసారి దండం బొమ్మ లేదు. ఇంకా తిట్టాల్సింది చాలా మిగిలిపోయింది, ఒక్క వాక్యంతో అయిపోయిందే అని కోపం. ఆయనకు అర్థమైందో లేదో. బస్సులు కట్టే మనిషి, ఆవులతో ఏం పని. సంతకం పెట్టేస్తాడేమో, శశిధర్ ఈపాటికి చెప్తూ ఉంటాడు, ఆమెకు ఒంట్లో బాగాలేదు సర్, స్ట్రెస్ సర్. ఆయన ఆ డబ్బుతో చదివించబోయే అక్షరకు ఆ షెడ్డు మొహం కూడా గుర్తుంటుందో లేదో. ట్యాంకరు కదిలి ముందుకు వెళ్ళిపోయింది, వెనక తారు మీద తడి చారికలు. మేడమ్, బెళ్ళందూరేనా, వెనక్కి తిప్పమంటారా, అన్నట్టు గిరీష్ అద్దంలోంచి చూశాడు. ఆఫీసుకు ఇక పనేముంది. చెప్తాను ఆగు అన్నాను.

ఫోను మళ్ళీ మోగింది, నంబరు మాత్రమే, పేరు లేదు. ఎత్తాను. ముందు చప్పుడు వినిపించింది, రేకు మీద సుత్తి, ఆగి ఆగి, ఎవరో కన్నడంలో కేకేస్తున్నారు, ఆ తర్వాత దగ్గు.

"ఈ మాట ముందే ఏల చెప్పలేదమ్మా?" గోపాలప్ప గొంతులో ధైర్యం లేదు, కోపం ఉంది. "నిన్ననే షెడ్డుకి బయానా తీసుకునేసినా. పనోళ్ళకి చెప్పేసినా, వేరే తావు చూసుకోండప్పా అని. నీ పేరు చూసి చెప్పినా."

"రాసినాను పెద్దాయనా. మీకు పంపేటప్పుడు తీసేసినారు."

"తీసేసినారా."

"తీసేసినారు."

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా పడాలనుకున్నాను, ఆయన కోపానికి ఇప్పుడు దొరికింది నేనే, దొరకనీ. సుత్తి దెబ్బ ఒకటి, ఇంకొకటి.

"మా ఇంట్లోనూ ఆవులుండె," అన్నాడు చివరికి. "దాచకుండా చెప్పు. ఎన్ని పూటలు ఆపినారు?"

ఎక్కాల పుస్తకం, గోడ, ఖాళీ చెంబు, కమ్మలు లేని చెవులు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. గిరీష్ ఇంకా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు, హొసకోటెకు తిప్పప్పా అన్నాను అతనితో, ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే.

"మూడు సార్లు," అన్నాను. "ఆపిన ప్రతిసారీ ముందుకన్నా తక్కువే చేపింది. వస్తా ఉండాను, కూర్చోని ఒక్కొక్క దినమూ చెప్తాను. అంతవరకు పెన్ను ముట్టొద్దు."

ఆయన ఊ అన్నాడు, ఫోను పెట్టేయలేదు. షెడ్డులో సుత్తి ఆగకుండా పడుతూనే ఉంది.